దేశదేశములు తిరిగిన నర్సింగు విద్య

1851వ సంవత్సరము వేసవిలో ఒక సంపన్న ఆంగ్ల కుటుంబము ఐరోపా ఖండమునకు ప్రయాణమయ్యెను. తల్లియు పెద్ద కుమార్తెయు ఆరోగ్యము కొరకు కార్ల్స్‌బాడ్‌లోని ఖనిజజల స్నానములకు పోయిరి. 31 ఏండ్ల చిన్న కుమార్తె మాత్రము వారిని విడిచి, జర్మనీలో రైన్ నది యొడ్డున డ్యూసెల్డార్ఫ్ పట్టణమునకు చేరువనున్న కైజర్స్‌వెర్త్ అను చిన్న ఊరికి చేరెను. ఈ సంగతి బంధుమిత్రులకు తెలియకుండుటే మేలని ఇంటివారు తలచిరి. కలవారి ఇంటి ఆడపిల్ల ఆసుపత్రిలో రోగుల పరిచర్య నేర్చుకొనుట ఆనాటి ఇంగ్లండులో పరువు తక్కువ పని. అట్టి పనికి పూనుకొన్న ఆ యువతి పేరు ఫ్లారెన్స్ నైటింగేల్.

నేడు ఒక దేశపు నర్సింగు విద్యార్థులు మరియొక దేశమునకు పోయి, కొన్ని వారములో నెలలో అక్కడి ఆసుపత్రులలో నేర్చుకొని తిరిగి వచ్చుటకు పెక్కు ఏర్పాట్లు కలవు. కళాశాలల నడుమ ఒప్పందములున్నవి, ఉపకారవేతనములున్నవి, అక్కడ నేర్చిన పాఠము ఇక్కడి చదువులో లెక్కకు వచ్చు పద్ధతులున్నవి. నైటింగేల్ కాలమున ఇవి ఏవియు లేవు. అయినను ఆధునిక నర్సింగు విద్య పుట్టుకలో పరదేశమున నేర్చిన చదువునకు పెద్ద పాలు కలదు. ఆ చదువు దేశదేశములు తిరిగిన కథను చదువుచున్నప్పుడు ఒక ప్రశ్న మాటిమాటికి ఎదురగును. పరదేశమునకు పోయిన ఆ యువతి నిజముగా విద్యార్థినియా? లేక అక్కడివారికి చౌకగా దొరికిన పనికత్తెయా? ఆమె నేర్చిన విద్య చివరకు ఎవరికి దక్కెను?

కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు

కైజర్స్‌వెర్త్ సంస్థను స్థాపించినవాడు థియోడార్ ఫ్లీడ్నర్ అను క్రైస్తవ మతగురువు. ఆ ఊరి నేతమిల్లు దివాలా తీయగా ఆయన చర్చికి ఆదాయము పడిపోయెను. విరాళముల కొరకు ఆయన హాలెండు, ఇంగ్లండు దేశములు తిరిగెను. హాలెండులో మెన్నొనైటు సంఘపు స్త్రీలు పేదలను, రోగులను ఆదరించుట చూచెను. ఇంగ్లండులో చెరసాలల సంస్కరణకు ఎలిజబెత్ ఫ్రై చేయుచున్న కృషి ఆయనను ఆకర్షించెను. డబ్బు కొరకు పోయిన మనిషి డబ్బుతోపాటు ఆలోచనలను గూడ మూటగట్టుకొని వచ్చెను. 1836లో ఆయనయు, ఆయన భార్య ఫ్రెడెరికేయు కలిసి తమ ఊరిలో ఒక చిన్న ఆసుపత్రిని, అందులో పనిచేయు స్త్రీలకు శిక్షణాలయమును ప్రారంభించిరి. 1840లో ఎలిజబెత్ ఫ్రై స్వయముగా కైజర్స్‌వెర్త్‌కు పోయి చూచి, ఆ సంవత్సరమే లండన్ నగరమున నర్సుల సంస్థ నొకదానిని నెలకొల్పెను. ఇంగ్లండునుండి పోయిన తలంపు జర్మనీలో మొలకెత్తి, మరల ఇంగ్లండునకే తిరిగి వచ్చినదన్నమాట.

నైటింగేల్ 1850లో సుమారు రెండు వారములు అక్కడ గడిపి చూచి వచ్చెను. మరుసటి ఏడు శిక్షణ కొరకే పోయి మూడు నెలలుండెను. తెల్లవారుజామున 5 గంటలకే నిద్ర లేవవలెను. భోజనము సాదా గంజి, కూరలు. పిల్లల వార్డులో పని, గాయములకు కట్లు కట్టుట, మందులిచ్చుట, మరణించుచున్నవారికడ కూర్చుండుట, శస్త్రచికిత్సలను దగ్గర నిలిచి చూచుట, ఇవియే అక్కడి పాఠములు.

ఈ చదువును గురించి ఆమె తరువాత చెప్పిన తీర్పు గమనింపదగినది. కైజర్స్‌వెర్త్‌లో నర్సింగు విద్య అనదగినది లేదనియు, పారిశుద్ధ్యము మిక్కిలి అధ్వాన్నమనియు ఆమె నిర్మొగమాటముగా వ్రాసెను. కాని అక్కడి స్త్రీల సేవాభావము వంటిది మరెక్కడను చూడలేదనియు ఒప్పుకొనెను. పరదేశ విద్యకు ఇది మంచి ఒజ్జబంతి. పోయినచోట కనిపించినదంతయు గొప్పదని నెత్తిన పెట్టుకొనుట కాదు, కొరతలు చూచి తీసిపారవేయుటయు కాదు. గింజను, పొట్టును వేరుచేయుటయే అక్కడ నేర్వవలసిన మొదటి పాఠము. రోగకారక సూక్ష్మజీవులను గూర్చిన జ్ఞానము ఇంకను స్థిరపడని ఆ రోజులలో ఆమె పారిశుద్ధ్యము కొరతను కన్నులార చూచి గుర్తించుట విశేషము. లిస్టర్ పండితుడు కార్బాలిక్ ఆమ్లముతో గాయములు చీము పట్టకుండ చేయు విధానమును ప్రకటించినది 1867లో గదా!

1854లో క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికుల సేవకై నైటింగేల్ 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి పోయెను. ఆమె సేవకు మెచ్చి ప్రజలిచ్చిన విరాళములు సుమారు 45,000 పౌనులు పోగుపడెను. ఆ నిధితో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయము వెలసెను. మొదట చేరినవారు 15 మంది. శిక్షణ కాలము ఒక సంవత్సరము. వార్డులలో పని నేర్చుకొనుటతోపాటు వైద్యుల ఉపన్యాసములు వినవలెను, చూచినది వ్రాసికొనవలెను. సేవాభావమును కైజర్స్‌వెర్త్ చూపెను. దానికి శాస్త్రీయమైన క్రమమును ఈ పాఠశాల కూర్చెను.

లండన్‌నుండి నలుదిక్కులకు

ఈ పాఠశాల తన ఆసుపత్రికి మాత్రమే నర్సులను తయారు చేసికొని ఊరకుండలేదు. 1868లో అక్కడ శిక్షణ పొందిన లూసీ ఆస్బర్న్ మరి ఐదుగురు నర్సులతో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకు పోయి, అక్కడి ఆసుపత్రిలో కొత్త పద్ధతిని నెలకొల్పెను.

అమెరికానుండి వచ్చిన లిండా రిచర్డ్స్ కథ మరియొక రకమైనది. 1873లో బోస్టన్ నగరమున శిక్షణ ముగించి, ఆ దేశమున శిక్షణ పొందిన మొదటి నర్సుగా ఈమె పేరు గాంచెను. న్యూయార్క్‌లోని బెల్వ్యూ ఆసుపత్రిలో రాత్రి విధులు చూచుచు, రోగుల స్థితిని కాగితముపై క్రమముగా వ్రాసిపెట్టు అలవాటును ఈమె ప్రవేశపెట్టెను. అంతవరకు రాత్రి నర్సు చూచినది పగటి నర్సుకు నోటిమాటగా చేరవలసినదే. నేడు ప్రతి ఆసుపత్రిలోను మంచమువద్ద కనబడు చార్టునకు ఇట్టి అలవాట్లే మూలము. ఇంత అనుభవము కలిగియు ఆమె 1877లో ఇంగ్లండునకు పోయి సెయింట్ థామస్, కింగ్స్ కాలేజీ ఆసుపత్రులలోను, స్కాట్లండులోని ఎడిన్‌బరో ఆసుపత్రిలోను నెలల తరబడి పరిశీలించి నేర్చుకొనెను. నైటింగేల్‌ను గూడ కలిసికొనెను. తిరిగి వచ్చి బోస్టన్ సిటీ ఆసుపత్రిలో శిక్షణాలయమును ప్రారంభించెను. అంతటితో ఆగక, 1886లో జపాను దేశమునకు పోయి క్యోటో నగరమున నర్సుల పాఠశాలను నడిపి, సుమారు ఐదేండ్లు అక్కడ నుండెను.

జపానునకు ఈ విద్య మరియొక త్రోవను గూడ చేరినది. తకాగి కనెహిరో అను నౌకాదళ వైద్యుడు 1875 మొదలు 1880 వరకు సెయింట్ థామస్ వైద్య పాఠశాలలో చదివెను. నావికులను పీడించుచున్న బెరిబెరి వ్యాధికి ఆహారములోని లోపమే కారణమని ఓడ ప్రయాణములలో పరీక్షించి చూపిన తకాగి ఈయనయే. లండన్‌లో వైద్యము చదువుచున్నప్పుడే, అదే ఆసుపత్రిలో నర్సుల శిక్షణ ఎట్లు జరుగుచున్నదో ఆయన చూచెను. మంచి వైద్యుడొక్కడున్నంత మాత్రమున రోగి కోలుకొనడనియు, రేయింబవళ్లు కనిపెట్టియుండు నర్సు కావలెననియు గ్రహించి, 1885లో టోక్యోలో జపాను దేశపు మొదటి నర్సుల శిక్షణాలయమును స్థాపించెను. అక్కడ పాఠములు చెప్పుటకు అమెరికానుండి వచ్చిన ఒక నర్సును నియమించిరి. జపాను వైద్యుడు, ఆంగ్ల పద్ధతి, అమెరికా ఉపాధ్యాయిని: ఆ చిన్న పాఠశాలలో మూడు దేశములు కలిసికొన్నవి.

ఈ కథలన్నిటిలోను సామాన్యమైన అంశము ఒకటి కలదు. పోయినవారు తిరిగి వచ్చిరి. లేదా పోయినచోట ఒక పాఠశాలను నిలిపిరి. ఒకరు నేర్చిన విద్య పదుగురికి అందెను.

ఒకే కప్పు క్రింద

19వ శతాబ్దమున ఈ ప్రయాణములు వ్యక్తుల పట్టుదలమీద ఆధారపడినవి. 20వ శతాబ్దమున ఇవి సంస్థల పని అయ్యెను. 1899లో అంతర్జాతీయ నర్సుల మండలి స్థాపింపబడెను. మొదటి ప్రపంచ యుద్ధానంతరము 1919లో రెడ్‌క్రాస్ సంఘముల సమాఖ్య ఏర్పడెను. యుద్ధము, క్షయ, ఇన్‌ఫ్లుయెంజా ఐరోపాను కుదిపివేసిన దినములవి. రోగము వచ్చిన తరువాత చికిత్స చేయుటకంటె రాకుండ కాపాడు నర్సులు కావలెనని సమాఖ్య తలచెను. కాని పెక్కు దేశములలో ఆ విద్య నేర్పు గురువులే లేరు. అందుచే 1920లో వివిధ దేశముల నర్సులను లండన్‌నకు రప్పించి, ప్రజారోగ్య నర్సింగులో ఒక సంవత్సరపు పాఠ్యక్రమమును ప్రారంభించిరి. కొంతకాలమునకు ఇది బెడ్‌ఫర్డ్ కళాశాల ఆధ్వర్యమున సాగినది. నర్సింగు పాఠశాలలను నడుపువారికి, బోధించువారికి మరియొక పాఠ్యక్రమమును గూడ చేర్చిరి.

ఈ విద్యార్థినులు లండన్‌లో మాంచెస్టర్ స్క్వేర్ 15వ నంబరు ఇంటిలో కలిసి నివసించుచుండిరి. నిన్నటి యుద్ధములో ఒకరికొకరు శత్రువులైన దేశములవారు ఒకే బల్లవద్ద భోజనము చేసిరి. తరగతి గదిలో వినిన పాఠము సగమైతే, మా ఊరిలో పసిపిల్లల మరణములు ఇన్ని, మా గ్రామములలో నీరు ఇట్టిది, మేము తల్లులతో ఇట్లు మాట్లాడుదుము అని సాయంకాలము ఒకరికొకరు చెప్పుకొనినది మిగిలిన సగము. ఇక్కడ చదివినవారు స్వదేశములకు పోయిన పిమ్మట గూడ ఒక సంఘముగా ఉత్తర ప్రత్యుత్తరములు సాగించిరి. 1934లో నైటింగేల్ స్మారకముగా వెలసిన అంతర్జాతీయ సంస్థ ఈ పాఠ్యక్రమముల బాధ్యత తీసికొనెను. 1939లో రెండవ ప్రపంచ యుద్ధము రాగా ఈ చదువు ఆగిపోయెను.

అదే కాలమున అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పలు దేశముల నర్సులకు ఉపకారవేతనములిచ్చి విదేశములలో చదివించెను. ఆ సంస్థ సహాయముతో 1933లో రూపొందిన కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయ నర్సింగు పాఠశాలకు పెక్కు దేశములనుండి విద్యార్థినులు వచ్చిరి. ఈ ఉపకారవేతనములలో మెచ్చదగిన నియమము ఒకటి కలదు: పోవువారికి తిరిగి వచ్చిన పిమ్మట స్వదేశమున తగిన పని ఉండవలెను. పోవుటకు టిక్కెట్టు ఎంత ముఖ్యమో, వచ్చినపుడు కూర్చుండుటకు కుర్చీయు అంత ముఖ్యమని దాత గుర్తించినాడన్నమాట.

మన దేశమున

రోగి పరిచర్య భారతీయులకు కొత్త విషయము కాదు. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అను నలుగురిని చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములుగా చెప్పినది. పరిచారకునికి ఉపచార జ్ఞానము, నేర్పు, అనురాగము, శుచిత్వము ఉండవలెనని విధించినది. కాని ఆధునిక కాలమున ఈ పనిని చదువుగా నేర్పు పాఠశాలలు మనకు పరదేశీయుల ద్వారా వచ్చినవి. తెలుగునాట గుంటూరులో 1883లో అడుగుపెట్టిన అమెరికా వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకు, శిశువులకు ఆసుపత్రి తెరచెను. అక్కడ తెలుగు యువతులు నర్సింగు నేర్చుకొనిరి. 1908లో భారత శిక్షిత నర్సుల సంఘము ఏర్పడి, 1912లో అంతర్జాతీయ మండలిలో చేరెను.

అయినను కొరత అంతులేనిది. 1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక ప్రకారము నాటి భారతదేశమున నర్సులు సుమారు 7,000 మంది. అనగా 43,000 మంది ప్రజలకు ఒక్క నర్సు! పెద్ద తాలూకా కేంద్రము, దాని చుట్టు నున్న ఊళ్లు కలిపి ఒక్క నర్సు ఉన్నదని ఊహించినచో ఈ అంకె అర్థమగును. ఇట్టి దేశమునుండి ఒక నర్సు చదువునకై విదేశమునకు పోయి, తిరిగి వచ్చి ఉపాధ్యాయిని అయినచో అది వేలమందికి లాభము. ఆమె తిరిగి రానిచో అది వేలమందికి నష్టము. ఒక్క మనిషి రాకపోకలో ఇంత బరువున్నది.

1946లోనే ఢిల్లీలోను, చిత్తూరు జిల్లాకు పొరుగుననున్న రాయవేలూరులోను నర్సింగులో బి.ఎస్‌సి. పట్టపు చదువు మొదలయ్యెను. రాయవేలూరు కళాశాల, తెలుగు జిల్లాలు గూడ చేరియున్న నాటి మద్రాసు రాష్ట్రములోనిదే. ఈ కళాశాలల తొలినాళ్లలో విదేశీ గురువులు పాఠములు చెప్పిరి. భారతీయులు విదేశములలో పైచదువులు చదివి వచ్చి క్రమముగా ఆ స్థానములను అందుకొనిరి. మార్పిడి సఫలమగుట అనగా ఇదియే.

విద్యయా, చాకిరియా?

ఇందులకు విరుద్ధమైన అధ్యాయమును గూడ దాచరాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము 1948లో అమెరికా ప్రభుత్వము విద్యా సాంస్కృతిక వినిమయము కొరకు ఒక చట్టము చేసెను. దాని క్రింద ఇతర దేశముల నర్సులు వచ్చి అమెరికా ఆసుపత్రులలో గరిష్ఠముగా రెండేండ్లు పనిచేయుచు నేర్చుకొని, స్వదేశమునకు తిరిగి పోవలెను. వారికి జీతము కాదు, భత్యము ఇచ్చెదరు. ఈ అవకాశమును అందరికంటె ఎక్కువగా వినియోగించుకొన్నవారు ఫిలిప్పీన్స్ నర్సులు. ఆ దేశము అమెరికా పాలనలో నున్నపుడే అక్కడ అమెరికా పద్ధతిలో, ఆంగ్ల భాషలో నర్సింగు పాఠశాలలు వెలసియుండెను. 1956 మొదలు 1969 వరకు 11,000 మందికి పైగా ఫిలిప్పీన్స్ నర్సులు ఈ పథకమున అమెరికాకు పోయిరి.

ఆ రోజులలో అమెరికా ఆసుపత్రులు నర్సుల కొరతతో బాధపడుచుండెను. అందుచే పెక్కుచోట్ల వచ్చినవారిని విద్యార్థినులుగా చూచుట మాని, పూర్తికాలపు నర్సులు చేయవలసిన పనిని తక్కువ భత్యముమీద చేయించుకొనిరి. ఎవరును ఒప్పుకొనని రాత్రి విధులు వీరిపాలయ్యెను. కాగితముమీద పాఠ్యక్రమము ఉన్నది. తరగతి మాత్రము లేదు. అయినను ఎందరో యువతులు అక్కడ కొత్త యంత్రములను, కొత్త చికిత్సలను నేర్చిరి. కుటుంబములకు డబ్బు పంపిరి. తమ కష్టముతో గౌరవము సంపాదించిరి. కాని తిరిగి వచ్చినవారికి స్వదేశమున తగిన ఉద్యోగములు, జీతములు లేకపోయెను. 1965లో అమెరికా వలస చట్టము మారగా శాశ్వతముగా పోవు మార్గము తెరచుకొనెను. వినిమయమని మొదలైనది వలసగా ముగిసెను. వలస తప్పు కాదు. దానిని విద్య అని పిలిచి, విద్యార్థికి ఇవ్వవలసిన పాఠమును, పనివానికి ఇవ్వవలసిన జీతమును రెండింటిని ఎగవేయుటయే తప్పు.

ఒకే తూనిక

వినిమయము న్యాయముగా నడచుటకు ఒక సాంకేతికమైన అవసరము కూడ కలదు. రెండు దేశముల చదువులను తూచుటకు ఒకే తూనిక ఉండవలెను. ఒక దేశమున మూడేండ్లు, మరియొక దేశమున నాలుగేండ్లు చదివినపుడు, మధ్యలో మూడు నెలలు పరదేశమున చేసిన పనిని ఎట్లు లెక్కించుట? 1977లో ఐరోపా ఆర్థిక కూటమి దేశములు దీనికొక మార్గము కనుగొన్నవి. సామాన్య నర్సు చదువు మూడేండ్లు గాని, 4,600 గంటలు గాని ఉండవలెనని నిర్ణయించినవి. తరువాతి నియమములలో ఇందు కనీసము మూడవ వంతు పాఠములు, కనీసము సగము రోగులచెంత అభ్యాసము ఉండవలెనని స్పష్టము చేసిరి. 1987లో ఎరాస్మస్ అను విద్యార్థి వినిమయ పథకము ప్రారంభమయ్యెను. స్పెయిన్ విద్యార్థిని ఫిన్లండులో గడపిన మూడు నెలలు ఆమె స్వంత కళాశాల లెక్కలో చేరుటకు ఇట్టి ఉమ్మడి కొలతలే ఆధారము.

తూనికతో తీరని కష్టము భాష. నొప్పి ఎక్కడ, ఎట్లున్నది అని రోగి తన ఇంటి మాటలో చెప్పును. పోటు, సలుపు, మంట, తిమ్మిరి అను మాటల భేదము తెలియని నర్సు ఎంత చదివినను తెలుగు రోగికి సగమే సహాయపడగలదు. పరదేశమున మన విద్యార్థినికిని అదే చిక్కు. అందుచే మంచి పాఠ్యక్రమములలో భాషాభ్యాసము ముందు నడచును. వార్డు తరువాత వచ్చును.

2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశములు ఆరోగ్య సిబ్బందిని విదేశములనుండి చేర్చుకొనుటలో పాటింపదగిన నియమావళిని ఆమోదించినవి. తీవ్రమైన కొరతగల దేశములనుండి పనిగట్టుకొని సిబ్బందిని లాగుకొనరాదనియు, వచ్చినవారిని స్థానికులతో సమానముగా చూడవలెననియు అందు కలదు. ఇది చట్టము కాదు. పాటించుట ఆయా దేశముల ఇష్టము. అయినను 1950లలో ఎవరును అడుగని ప్రశ్న ఇప్పుడు అంతర్జాతీయ సభలో అడుగబడినది.

నేడు తెలుగు రాష్ట్రములలో నర్సింగు చదివిన యువతీయువకులు జర్మన్ భాష నేర్చుకొని, నైటింగేల్ నేర్చుకొనుటకు పోయిన ఆ దేశమునకే ఉద్యోగములకై పోవుచున్నారు. ఉన్నత పాఠశాలలలో ఈ వృత్తిని కోరుకొను బాలబాలికలకు ఉపాధ్యాయులు మూడు ప్రశ్నలు నేర్పి పంపవచ్చును. అక్కడ నాకు పాఠము చెప్పువారెవరు? నేను నేర్చినది ఇక్కడ లెక్కకు వచ్చునా? తిరిగి వచ్చినచో నాకు చోటున్నదా? మొదటి రెండు ప్రశ్నలకు జవాబు పోవుచోట దొరకును. మూడవదానికి జవాబు చెప్పవలసినది మన ఆసుపత్రులు, మన కళాశాలలు, మన ప్రభుత్వములు.